పీఎంపీ అప్లికేషన్: నా హోదాలో 'మేనేజర్' అన్న మాటే లేదు, అనుభవం ఎలా రాయాలి?

పేస్లిప్పు | 2025 ఫిబ్రవరి 8

నమస్తే అండీ. పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) సైట్‌లో, ప్రాజెక్టులు నడిపేవాళ్లకు పరీక్ష పెట్టి ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ కోసం అప్లికేషన్ తెరిచాను. పేరు, చదువు, ట్రైనింగ్ చకచకా నింపేశాను. ప్రాజెక్టు అనుభవం దగ్గరకొచ్చి ఆగిపోయాను.

నాకు డిగ్రీ ఉంది కాబట్టి ప్రాజెక్టులు నడిపించిన అనుభవం 36 నెలలు చూపిస్తే చాలు. కానీ నా హోదాలో ఎక్కడా 'మేనేజర్' లేదు. చేరినప్పుడు అనలిస్టుని, ఇప్పుడు సీనియర్ అనలిస్టుని. పని మాత్రం నేనే నడిపించాను.

మూడు ప్రాజెక్టులు రాద్దామనుకుంటున్నాను. మొదటిది, పాత పేరోల్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టడం. 2021 ఏప్రిల్ నుంచి 2022 మే వరకు. సుమారు 1,800 మంది ఉద్యోగుల డేటా మార్చాం, టీమ్ తొమ్మిది మంది. రెండోది, బ్రాంచిల్లోని హాజరు మెషీన్లను పేరోల్‌తో కలపడం. 2022 ఫిబ్రవరి నుంచి నవంబర్ వరకు. మూడోది, ఉద్యోగులు సెలవులు పెట్టుకోడానికి, పేస్లిప్పులు చూసుకోడానికి మొబైల్ యాప్. 2023 మార్చి నుంచి 2024 ఆగస్టు వరకు, రెండు వారాల స్ప్రింట్లలో, అంటే చిన్న చిన్న విడతల్లో నడిచింది. యాప్‌లోకి నేను వెళ్లింది టెస్టింగ్ కోసం. జూన్‌లో లీడ్ వేరే టీమ్‌కి మారిపోయారు, అప్పటినుంచి మొత్తం నా నెత్తిన పడింది. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా, ఇప్పుడు కూడా, నెలనెలా పేరోల్ రన్ చేయడం, టికెట్లు (ఉద్యోగుల ఫిర్యాదులు) చూడటం నా పని.

14, 10, 18 కలిపితే 42 నెలలు. సరిపోతుంది కదా?

వివరణ ఇలా రాశాను: "ప్రాజెక్ట్ చార్టర్ రూపొందించి ఆమోదం పొందాను. స్టేక్‌హోల్డర్లను గుర్తించి, స్కోప్, షెడ్యూల్, బడ్జెట్ ప్రణాళికలు తయారుచేశాను. రిస్కులను గుర్తించి నివారణ చర్యలు చేపట్టాను. టీమ్‌ను సమర్థంగా నడిపించి ప్రాజెక్టును విజయవంతంగా పూర్తిచేశాను." కొంచెం అటూ ఇటూగా మూడింటికీ ఇదే. (ఫారంలో ఇంగ్లీషులోనే రాశాను, ఇక్కడ అందరికీ తెలియాలని తెలుగులో పెడుతున్నాను.)

ఇంకో రెండు సందేహాలు. మొదటి ప్రాజెక్టు అప్పటి మా మేనేజర్ కంపెనీ వదిలి వెళ్లిపోయారు. ఆడిట్ వస్తే, అంటే రాసినవాటికి పీఎంఐ రుజువులు అడిగితే, ఎవరితో సంతకం పెట్టించాలి? ట్రైనింగ్‌కి ఆన్‌లైన్ కోర్సు 24 గంటలు, ఆఫీసులోనే పెట్టిన వర్క్‌షాప్ 12 గంటలు ఉన్నాయి. ఆఫీసు వర్క్‌షాప్ చెల్లుతుందా? పీఎంఐ వాళ్ల పుస్తకం పీఎంబాక్ గైడ్ చదివిన గంటలు కూడా కలుపుకోవచ్చా?

కాఫీబ్రేక్ | ఫిబ్రవరి 8

ఇంత ఆలోచించక్కర్లేదండీ. నెట్‌లో శాంపిల్ వివరణలు బోలెడు ఉన్నాయి. ఒకటి తీసుకుని ప్రాజెక్టు పేరు, తేదీలు మార్చుకోండి. నేను అలాగే పెట్టాను. వారం తిరక్కుండానే అప్రూవ్ అయింది, ఆడిట్ కూడా రాలేదు. ఆ టైమేదో పరీక్షకి చదువుకుంటే మంచిది.

గడువుతేదీ | ఫిబ్రవరి 9

పేస్లిప్పు గారూ, హోదా గురించి బెంగ వదిలేయండి. వాళ్లకు కావాల్సింది ప్రాజెక్టులు నడిపించిన అనుభవం. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఏం రాసుందో వాళ్లకు అనవసరం. ఫారంలో హోదా దగ్గర 'సీనియర్ అనలిస్ట్' అని ఉన్నదున్నట్టు రాయండి. అక్కడ 'ప్రాజెక్ట్ మేనేజర్' అని దిద్దేవాళ్లను చూశాను, ఎందుకొచ్చిన తంటా.

మీ అసలు సమస్య లెక్కలో ఉంది. 42 కాదు. రెండు ప్రాజెక్టులు ఒకే నెలలో నడిస్తే ఆ నెల ఒక్కసారే లెక్కకొస్తుంది. పేరోల్, హాజరు మెషీన్లు రెండూ 2022 ఫిబ్రవరి నుంచి మే వరకు కలిసి నడిచాయి. ఆ నాలుగు నెలలు తీసేస్తే 2021 ఏప్రిల్ నుంచి 2022 నవంబర్ దాకా 20 నెలలు. యాప్ 18 కలిపితే 38.

అక్కడితో అయిపోలేదు. యాప్‌లో మార్చి, ఏప్రిల్, మే మీరు టెస్టింగ్ చేశారని మీరే రాశారు. టీమ్‌లో ఉండటం వేరు, టీమ్‌ను నడిపించడం వేరు. ఆ ప్రాజెక్టు మీకు జూన్ నుంచి మొదలైనట్టే, 15 నెలలు. మొత్తం 35. ఒక్క నెల తక్కువ!

మధ్యలో చేసిన పేరోల్ రన్, టికెట్లు ఇక్కడికి తేవద్దు. మొదలూ చివరా లేకుండా ప్రతి నెలా తిరిగొచ్చే పని ప్రాజెక్టు కాదు, అది ఆపరేషన్స్. ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే. పాత వ్యాసాల్లో 4,500 గంటల లెక్కలు కనిపిస్తే అవి కూడా పట్టించుకోకండి. ఇప్పుడు అడిగేది నెలలే.

కాబట్టి ముందు ఆ ఒక్క నెల వెతకండి. 2021కి ముందు ఏమైనా నడిపారా? సాఫ్ట్‌వేరే కానక్కర్లేదు. పీఎంఐ పెట్టిన ఏళ్ల పరిమితి లోపుది, ఉద్యోగంలో భాగంగా చేసింది, మొదలూ ముగింపూ ఉన్నది ఏదైనా సరే. సొంతింటి పనులు, స్నేహితుల ఫంక్షన్లు మాత్రం పనికిరావు.

ఇక వివరణ. మీరు రాసింది చదివి మీరు చేసింది పేరోలో వంతెనో చెప్పలేకపోయాను. కాఫీబ్రేక్ గారు చెప్పిన శాంపిల్స్ నిండా ఉండేది కూడా ఇదే. చార్టర్, స్టేక్‌హోల్డర్లు, రిస్కులు అన్నీ ఉన్నాయి, ప్రాజెక్టు ఒక్కటే లేదు. అందరికీ సరిపోయే రెడీమేడ్ చొక్కా లాంటిది, ఎవరి ఒంటి మీదా కుదిరి కూర్చోదు.

ఒక్కో ప్రాజెక్టుకి 200 నుంచి 500 పదాల దాకా చోటిస్తారు. లక్ష్యం ఏంటి, మీ పాత్ర ఏంటి, మీ బాధ్యతలు, ఆ ప్రాజెక్టులో తయారుచేసి ఇచ్చినవి, చివరికి ఏమైంది, ఇవి ఉండాలి. 500 నింపాలని లేదు. 250తో తేలిపోయే ప్రాజెక్టుని సాగదీస్తే నీళ్ల మజ్జిగ అవుతుంది.

రాయడానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. ఈ పేరా చదివి సంతకం పెట్టాల్సిన మనిషి ఎవరో ముందు అనుకోండి. మీ ఎదురుగా కూర్చుని ఒక్కో వాక్యం దగ్గరా "ఇది నువ్వే చేశావా?" అని అడుగుతున్నట్టు ఊహించుకుని రాయండి. వెళ్లిపోయిన మీ పాత మేనేజరే అనుకోండి. 'రిస్కులను గుర్తించి నివారణ చర్యలు చేపట్టాను' అన్న వాక్యానికి ఆయన ఏమంటారు? "ఏ రిస్కు?" అంటారు. దానికి మీరిచ్చే జవాబే ఫారంలో రాయాల్సిన వాక్యం.

మీ మొదటి ప్రాజెక్టు మీద నేనే అడుగుతాను, ఇక్కడే జవాబు రాయండి. పాత సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు మార్చాల్సి వచ్చింది? స్కోప్‌కి, అంటే పని పరిధికి, ఎవరు సరేనన్నారు? పనిని ఎన్ని ముక్కలు చేశారు? కొత్తదాంట్లో జీతాలు సరిగ్గా వస్తున్నాయని ఎలా తేల్చుకున్నారు? అనుకున్న తేదీకి పూర్తయిందా, లేకపోతే ఏం చేశారు? పాతదాన్ని ఎప్పుడు ఆపేశారు, ఎవరికి అప్పగించారు? ఇవి రాస్తే ప్రారంభం నుంచి ముగింపు దాకా అన్ని దశలూ వాటంతట అవే వచ్చేస్తాయి. చార్టర్ (ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి పత్రం) అన్న మాట వాడకపోయినా నష్టం లేదు.

యాప్‌ని మాత్రం ఇదే మూసలో రాయకండి. అది స్ప్రింట్ల పని. బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) ఏది ముందు చేయాలో ఎలా తేల్చారు, డెమోలో వచ్చిన అభిప్రాయాలతో ఏం మార్చారు, టీమ్‌కి అడ్డంకులు వస్తే ఎలా తొలగించారు, అవి రాయండి. స్ప్రింట్లలో నడిచిన పనికి డబ్ల్యూబీఎస్ (మొత్తం పనిని ముందే ముక్కలు చేసిన పట్టిక), గాంట్ చార్టు (తేదీల వారీ పని పటం) అంటగడితే చదివేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

క్లయింట్ల పేర్లు, కాన్ఫిడెన్షియల్ వివరాలు వద్దు. సంస్థ రకం చెప్తే చాలు.

ట్రైనింగ్ సులువే. కంపెనీ పెట్టిన శిక్షణ చెల్లుతుంది. కాకపోతే అది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మీదే అయి ఉండాలి, ఎన్ని గంటలో సర్టిఫికెట్ మీద ఉండాలి. లేకపోతే ఇప్పుడే అడిగి రాయించుకోండి. ఆన్‌లైన్ కోర్సుకి చివర్లో పరీక్ష ఉందో లేదో చూసుకోండి, అలాంటి కోర్సులకు అది కావాలి. సొంతంగా పుస్తకం చదివిన గంటలు కలపకూడదు, పీఎంబాక్ అయినా సరే. మీకు 24, 12 కలిపి 36 గంటలు ఉన్నాయిగా, అవి సరిపోతాయి, గైడ్ జోలికి వెళ్లక్కర్లేదు.

సైట్‌ఇంజినీర్ | ఫిబ్రవరి 9

ఆడిట్ గురించి నేను చెప్తాను, నాకు వచ్చింది కాబట్టి.

నాది డిప్లొమా, కాబట్టి 60 నెలలు చూపించాల్సి వచ్చింది. అన్నీ బిల్డింగ్ పనులే. ఆడిట్ మెయిల్ చూడగానే టెన్షన్ వచ్చింది, ఏదో తప్పు దొరికిందేమో అని. తర్వాత తెలిసింది, అది యాదృచ్ఛికంగా తీసేదే, మన మీద అనుమానంతో కాదని. కాగితాలు పంపడానికి 90 రోజులు ఇస్తారు. డిప్లొమా కాపీ, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఒక్కో ప్రాజెక్టు వివరాలకు వాటి గురించి తెలిసినవాళ్ల ధ్రువీకరణ. అదంతా తేలేవరకు పరీక్ష తేదీ బుక్ చేసుకోలేం.

మేనేజర్ కంపెనీ మారితే ఏం కాదండీ. ఆయన ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారన్నది విషయమే కాదు, అప్పుడు మీ పని చూశారా లేదా అన్నదే ముఖ్యం. నా ఒక ప్రాజెక్టు మేనేజర్ రిటైరై ఫోన్ కూడా ఎత్తేవారు కాదు. ఆ పనిని మొదట్నుంచి చూసిన క్లయింటు తరఫు ఇంజినీరుని అడిగాను, ఆయన పెట్టారు.

అయితే ఒక సంగతి. సంతకం అడగ్గానే ఆయన నేను రాసింది మొత్తం చదివారు. పైపైన కాదు, కళ్లజోడు పెట్టుకుని మరీ. గడువుతేదీ గారు చెప్పిన పద్ధతి నాకు అందుకే సబబుగా అనిపించింది. శాంపిల్ కాపీ కొట్టి ఉంటే ఆయన ముందు తలెత్తుకోలేకపోయేవాణ్ణి.

కాఫీబ్రేక్ | ఫిబ్రవరి 9

మీరిద్దరూ కలిసి భయపెడుతున్నారు. ఆడిట్ ఏమైనా అందరికీ వస్తుందా? రానివాళ్లకు ఇంత శ్రమ ఎందుకు అనేదే నా పాయింటు. పైగా రివ్యూ చేసేవాళ్లు మీ పేరోల్ కథంతా చదివి ఆనందిస్తారా?

గడువుతేదీ | ఫిబ్రవరి 9

ఆనందించరు, నిజమే. కానీ అర్థం కాకపోతే వెనక్కి పంపుతారు, మళ్లీ రాయాల్సింది మీరే. ఆడిట్ రావడం రాకపోవడం అదృష్టం, ఒప్పుకుంటాను. అయితే సబ్మిట్ నొక్కేముందు పీఎంఐ నైతిక నియమావళికి ఒప్పుకుంటున్నామని టిక్ పెడతాం కదా. బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ అని నాలుగు విలువలుంటాయి అందులో. పక్కవాడి ప్రాజెక్టు మన పేరుతో అతికించి, కింద నిజాయితీకి టిక్ పెట్టడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది. మీ ఇష్టం మీది.

పేస్లిప్పు | ఫిబ్రవరి 15

అందరికీ థాంక్స్. 35 అని చూసి ఒక రోజంతా నీరసపడ్డాను. తర్వాత పాత మెయిల్స్ తిరగేస్తుంటే దొరికింది. 2020 సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు మా సర్వర్ గదిని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి మార్చాం. ప్లానింగ్, వెండర్‌తో మాటలు, శని ఆదివారాల్లో షట్‌డౌన్, అన్నీ నా చేతి మీదుగా జరిగాయి. ఎప్పుడూ 'సామాను మార్చడం' అనుకున్నానే గానీ ప్రాజెక్టు అనుకోలేదు. మూడు నెలలు కలిస్తే 38.

మొదటి ప్రాజెక్టు మళ్లీ రాశాను. మీ ప్రశ్నలకు జవాబులు ఇందులోనే ఉన్నాయి:

"పాత పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు సపోర్టు ఆగిపోనుండటంతో, సుమారు 1,800 మంది ఉద్యోగుల జీతాల లెక్కను కొత్త సాఫ్ట్‌వేర్‌కు మార్చడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. తొమ్మిది మంది టీమ్‌కు నేను లీడ్. ఫైనాన్స్, హెచ్ఆర్ వాళ్లతో కూర్చుని స్కోప్ రాసి, ఫైనాన్స్ హెడ్ ఆమోదం తీసుకున్నాను. డేటా సరిచేయడం, మార్చడం, టెస్టింగ్, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపడం అని నాలుగు దశలుగా పనిని విడగొట్టి షెడ్యూల్ వేశాను. ఓవర్‌టైమ్ లెక్కలు సరిపోలకపోవచ్చని ముందే రిస్క్ రిజిస్టర్‌లో రాశాను. రెండు నెలలు రెండు సాఫ్ట్‌వేర్లలోనూ జీతాలు లెక్కకట్టి తేడాలు చూశాం. మొదటి నెల 63 మందికి తేడా వచ్చింది. రెండు సాఫ్ట్‌వేర్లు ఓవర్‌టైమ్ నిమిషాలను వేర్వేరుగా రౌండ్ చేయడమే కారణమని తేలింది. మార్పు అభ్యర్థన పెట్టి, మూడు వారాల పొడిగింపుకి స్పాన్సర్‌ను ఒప్పించాను. రెండో నెల తేడాలు లేవు. డేటా మార్పిడి ఆలస్యం చేస్తున్న వెండర్‌ను మార్చాను. పాత సాఫ్ట్‌వేర్ ఆపాక సపోర్ట్ టీమ్‌కు అప్పగించి, ముగింపు నివేదిక ఇచ్చాను."

ఇది పాత మేనేజర్‌కి పంపాను. కంపెనీ మారి ఇన్నాళ్లయినా వెంటనే ఫోన్ చేశారు. అంతా చదివి, "బాగుంది గానీ వెండర్‌ని మార్చింది నువ్వు కాదమ్మా, నేను. నువ్వు మార్చాలని నోట్ పెట్టావు, ఆ నోట్ చాలా బాగుంది, అదే రాయి" అన్నారు. నిజమే, నోట్ నాది, సంతకం ఆయనది. ఆ వాక్యాన్ని 'వెండర్ జాప్యాలను వారం వారం నమోదు చేసి, మార్చమని కారణాలతో సిఫారసు చేశాను, స్పాన్సర్, మేనేజర్ ఆమోదించారు' అని మార్చాను. ఆడిట్ వస్తే సంతకం పెడతానన్నారు.

ఇప్పుడు పంపేయొచ్చా?

గడువుతేదీ | ఫిబ్రవరి 15

ఆ 63 మంది వాక్యం చూశారా? అది ఏ శాంపిల్‌లోనూ దొరకదు. ఎవరైనా ఫోన్ చేసి అడిగినా మీరు అరగంట మాట్లాడగలరు దాని గురించి. మేనేజర్ దిద్దిన వాక్యం కూడా ముందుదానికంటే బలంగా ఉంది. మార్చాను అంటే ఒక్క మాటతో అయిపోయేది. ఇప్పుడు మీరు జాప్యాలు లెక్కపెట్టింది, కారణాలు చూపించింది కనిపిస్తోంది.

ఒక్కచోట మార్చండి. 'తేడాలు చూశాం' అన్నారు. ఎవరు చూశారు? లెక్కలు పోల్చింది టెస్టర్లైతే 'పోలిక బాధ్యత ఇద్దరు టెస్టర్లకు ఇచ్చి, ఫలితాలను నేను సమీక్షించాను' అనండి. 'మేం' అన్నచోటల్లా రివ్యూ చేసేవాళ్లకు మీరు కనబడరు. అలాగని డెవలపర్లు రాసిన కోడ్‌ను మీ ఖాతాలో వేసుకోకండి.

మిగతా మూడింటినీ ఇలాగే తిరగరాయండి. యాప్ ప్రారంభ తేదీ దగ్గర జూన్ వేశారో లేదో మళ్లీ చూడండి, పాత డ్రాఫ్టులో మార్చి ఉండిపోయి ఉంటుంది. పేరు మీ గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పరీక్ష రోజు అక్కడ తేడా వస్తే లోపలికి పంపరు.

తెరిచిన అప్లికేషన్‌కి 90 రోజులే గడువు. మీరు ఈ నెల మొదట్లో తెరిచినట్టున్నారు కాబట్టి మే మొదటి వారం దాటనీయకండి. ఆమోదం వచ్చాక ఏడాది టైముంటుంది, ఆ ఏడాదిలో పరీక్ష మూడుసార్లు రాయొచ్చు.  చదువు ఇంకా మొదలుపెట్టకపోయినా అప్లికేషన్ ఆపాల్సిన పని లేదు. పరీక్షకి తేదీ వేసుకునేది మీరే.

పేస్లిప్పు | ఫిబ్రవరి 16

యాప్ తేదీ నిజంగానే మార్చి అనే ఉంది! దిద్దాను. ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. హాజరు మెషీన్ల ప్రాజెక్టు బడ్జెట్ ఎంతో నాకు తెలీదు, కొనుగోళ్లు వేరే విభాగం చూసింది. అక్కడ ఏం పెట్టాలి?

సైట్‌ఇంజినీర్ | ఫిబ్రవరి 16

పైసలతో సహా కచ్చితంగా అక్కర్లేదు, సుమారుగా చాలు. కొనుగోళ్ల విభాగంలో ఎవరినైనా అడగండి, మొత్తం ఎంతలో తేలిందో చెప్తారు. మీ అంచనా మీద మాత్రం వేయకండి. వాళ్లు చెప్పిన మెయిల్ దాచుకోండి.